వారాల పంపకం

"ఆ ముడి ముడేనా? గాలొస్తే గిన్నెలన్నీ అడివి పాలైతయ్."

"అంత తెలిసినోనివి దిగొచ్చి నువ్వే కట్టు."

నా మొగుడికీ నాకూ నడిచిన ఆఖరు మాటలు ఇవే. నేను చెబుతున్నాను, నా చెల్లెలి కూతురు రాస్తోంది. ముందు ఇవి రాయి బిడ్డా, మిగతావన్నీ తర్వాత. ఏమీ కలపకు.

గొల్లపల్లి సంత లేచే వేళ. పడమట మబ్బు పట్టింది. అమ్ముడుపోని గిన్నెలు బండికి ఎక్కించి, పైన పట్టా కప్పి తాడు కడుతున్నాను. ఛాతీ బరువుగా ఉందని ఆయన ముందు సీట్లో కూర్చున్నాడు. నా మాటకు దిగి వచ్చాడు. నేను వేసిన ముడి విప్పి తనే వేసి, గట్టిగా గుంజి చూశాడు. అలాగే చక్రానికి వీపు ఆనించి కూలబడ్డాడు. అలసటేమో అనుకుని నీళ్లు తెచ్చాను. గొంతు దిగలేదు. ఎండుచేపలవాళ్లు, ఉప్పువాళ్లు పరిగెత్తుకొచ్చేసరికి అయిపోయింది.

మాది తిరిగే వ్యాపారం. స్టీలు గిన్నెలు, పెద్ద వంటల సత్తు డేగిసాలు, ప్లాస్టిక్ బిందెలు బండిలో వేసుకుని సంత నుంచి సంతకు పోవడం. దంతెవాడలో ఒక అద్దె గది ఉండేది గానీ అందులో పడుకున్న రోజులు తక్కువ. బండి పక్కన వంట, బండి మీద పడక. వాన పడితే బడి అరుగు. ఏ వాగు దొరికితే అక్కడ స్నానం. పెళ్లయినప్పటి నుంచీ నాకంటూ ఒక వాకిలి లేదు, ముగ్గు వేసింది లేదు. పొద్దున లేచి "ఇయ్యాల ఏ ఊరు?" అని అడిగితే, "మీ అత్తగారూరు, మంచి చీర కట్టుకో" అని ఎకసెక్కం చేసేవాడు.

నాలుగు భాషలు నోటికొచ్చాయి, ఒక్కదానిలోనూ అక్షరం రాలేదు. ధర గోండిలో చెప్పి, బేరం హల్బీలో ఆడి, దారిలో పోలీసులు బండి ఆపితే హిందీలో బతిమాలి, ఆయన్ని మాత్రం తెలుగులో తిట్టేదాన్ని.

మా పనిలో పొలాలుండవు, వారాలుంటాయి. ఏ ఊరి సంత ఏ రోజో, ఆ రోజు ఆ కాస్త నేల నీది. పక్క గిన్నెలవాడు అక్కడికి రాడు. తండ్రి పోతే కొడుక్కి వస్తుంది. మాకు పిల్లల్లేరు. మా వారాల్లో పెద్దది బచేలి. గని ఊరు, కంపెనీ క్వార్టర్లు, నెల జీతాల మనుషులు. ఆంధ్రా నుంచి వచ్చిన ఆడవాళ్లు కుక్కర్లు, టిఫిన్ డబ్బాలు కొనేవాళ్లు.

"ఏమయ్యా, ఇది స్టీలేనా, పైపూతా?" అని మూతి విరిచేవాళ్లు.

ఆయన గిన్నె తిరగేసి వేళ్లతో దరువు వేసేవాడు. "ఇనుండ్రి అమ్మా, పూతైతే ఇట్ల పాడదు."

నవ్వి కొనేవాళ్లు. ఆ ఒక్క రోజు బేరమే మిగతా రోజులకు అన్నం పెట్టేది. అడవి ఊళ్ల సంతల్లో చింతపండు దిగి జనం చేతిలో డబ్బు పడేదాకా గిన్నె కదలదు.

ఆయన పోయిన మర్నాడే దంతెవాడ గది ముందు మరిది బండిలోని సరుకు దింపుకున్నాడు. ఆయన వేసిన ముడి ఎంతకీ రాకపోతే కత్తి తెచ్చి తాడు కోశాడు. నేను అరుగు మీద కూర్చుని చూశాను.

పెద్దకర్మ నాడు గది ముందే పంపకం పెట్టారు. మా కులపెద్దలు, సంతల్లో మాతో కూర్చునే నలుగురు. బండి ఎవరిదన్న మాటే రాలేదు. ఆడదానికి బండి ఎందుకు, మరిదిదే. ఇక వారాలు.

"అన్న పోయిన నాడు పొద్దుగాల నాకు ఫోన్ జేసిండు," అన్నాడు మరిది. "బచేలి వారం నువ్వు జూస్కో తమ్మీ, మీ వదినతోని కాదు అన్నడు."

"గొల్లపల్లిల టవరే లేదు గదా! ఆ ఊర్ల ఎవ్వని ఫోనన్న మోగిందా?" అన్నాను.

"గుట్టెక్కితే ఒక్కోపారి దొరుకుతది," అన్నాడు ఉప్పు వ్యాపారి.

"ఛాతీ బరువైనోడు గుట్టెక్కిండా?"

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "అవన్నీ ఇడిసిపెట్టు అమ్మా. ఆఖరుకు పక్కనున్నది నువ్వు. నీతోని ఏమన్నడో చెప్పు. అదే ఖాయం జేస్తం."

అందరూ నా వైపే చూశారు. ఒక్క మాట చాలు. బచేలి నీదే అన్నడు, అంటే అయిపోయేది. మరిది మొహం మాడింది. నేను అంటాననే అనుకున్నాడు, నా చోట తనైతే అనేవాడు గనక.

"ముడి సరిగ్గ కట్టలేదని తిట్టిండు," అన్నాను.

ముందు ఎవరో ముక్కుతో నవ్వారు. తర్వాత అందరూ. కర్మ ఇల్లు, ఇంకా విస్తళ్లు కూడా ఎత్తలేదు.

మరిది తొడ చరిచాడు. "ఇన్నరా? తాడు ముడే రాదంట. ఇగ వారమెట్ల జేస్తది?"

"ముడి ఇప్పరాక కత్తి పెట్టినోడివి నువ్వు గాదా!" అని అరిచాను. నవ్వుల్లో ఎవరికి వినబడుతుంది?

బచేలి వాడికి పోయింది. నాకు గొల్లపల్లి, అటువైపే ఇంకో రెండు చిన్న సంతలు. అప్పటి నుంచి మూట నెత్తిన పెట్టుకుని, జీపులో కోళ్ల గంపల మధ్య ఇరుక్కుని పోతున్నాను. మోయగలిగినన్ని గిన్నెలే సరుకు. డేగిసాలు మానేశాను.

ఒకసారి ఓర్చుకోలేక బచేలి వెళ్లాను. చేపల వరస చివర గుడ్డ పరిచాను. క్వార్టర్ల ఆవిడ ఒకామె గుర్తుపట్టింది.

"మీ ఆయనేరమ్మా? మా డబ్బాకి మూత తెస్తానన్నాడు, మళ్లీ కనపడలేదు. మీ మరిదేమో మీరు పుట్టింటికి వెళ్లిపోయారన్నాడు!"

నేను నోరు తెరిచేలోపే వాడు వచ్చి నిలబడ్డాడు. "వదినా, ఇది నా వారం. లే."

ఆవిడ ముందే. లేచాను. గుడ్డ నాలుగు కొసలూ కలిపి ముడి వేశాను. నవ్వకు బిడ్డా, గట్టి ముడే వేశాను.

ఇప్పుడు వాడు బచేలి చోటు బయటివాళ్లకు డబ్బుకు ఇచ్చేస్తున్నాడట. పెద్దలు మళ్లీ కూర్చుంటున్నారు. నా నోటి మాటకు నవ్వుతారని ఈసారి కాగితం మీద పెట్టి నువ్వు చదువుతానన్నావు. కాలేజీలో చదువుకున్నదానివి, వింటారేమో. కానీ ఇందాక ఏమన్నావు?

"పెద్దమ్మా, పెదనాన్న బచేలి నీకే ఇచ్చిండని రాస్త. ఎవరికి ఎరుక? బాబాయి అబద్ధం ఆడలేదా?"

ఆడాడు. ఆడి ఇన్నాళ్లూ తిన్నాడు, ఇప్పుడు ఆ చోటుకు కూడా ధర కట్టుకుంటున్నాడు. అది నాకు మంటే. ఆ మంట చల్లారేది కాదు. అయినా ఆయనది నా దగ్గర మిగిలింది ఆ తిట్టొక్కటే. గోడ మీది ఫోటోలో కూడా ఆయన లేడు, స్టూడియోవాళ్లు ఎవరిదో కోటు తొడిగి నిలబెట్టారు. ఆ తిట్టు కూడా మార్చి రాయించుకుంటే, ఇన్నేళ్లు బండి మీద నా పక్కన పడుకున్న మనిషి చివరికి ఎవరి అవసరానికి వాళ్లు చెప్పుకునే మనిషే అవుతాడు. నవ్వితే నవ్వనీ. చోటు పోతే పోనీ, ఎప్పుడో పోయింది.

నీ చెయ్యి ఇందాక ఒక దగ్గర ఆగి, మళ్లీ గబగబా నడిచింది. నాకు అక్షరం రాదు గానీ చెయ్యి నడక తెలుస్తుంది. ఏదీ, మొదటి నుంచి చదువు. ఆయన మాట దగ్గర మెల్లగా చదువు.