గీజర్‌లో పసుపుపచ్చ మంట

మా ఆయనకు ఒక మాట ఉంది: "నడుస్తుంది గదా." బోరు మోటారు మూలిగినా, మిక్సీ కాలిన వాసన కొట్టినా అదే మాట. ఏదైనా పూర్తిగా చచ్చిపోతేనే ఆయన లెక్కలో చెడిపోయినట్టు. అప్పటిదాకా దాని ఊసు ఎవరూ ఎత్తకూడదు. ఈ మనిషితో ఇన్నేళ్లు ఎలా వేగానో నాకే తెలియదు.

మొన్నటి చలికాలం మా అమ్మాయి మొదటి కాన్పుకు నారాయణఖేడ్‌లో మా ఇంటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. బాలింత స్నానమంటే బకెట్లకొద్దీ వేడినీళ్లు కావాలి కదా, బాత్రూమ్ గోడకున్న గ్యాస్ గీజర్‌కు తీరిక లేకుండా పోయింది. అంతవరకూ నీలంగా వెలిగే మంట కాస్తా పసుపుపచ్చగా మారింది. పైన గోడకు మసి కూడా పట్టింది. గ్యాస్ పొయ్యి మీద గిన్నె నల్లబడుతోందంటే బర్నర్‌లో ఏదో అడ్డం పడిందని వంట చేసే వాళ్లెవరికైనా తెలుస్తుంది.

"మంట రంగు మారింది. జర మెకానిక్‌ను పిలువుండ్రి," అన్నాను.

ఆయన తొంగిచూశాడు. "రంగుతోని నీకేం పని? నీళ్లు కాగుతున్నయా లేదా?"

"కాగుతున్నయి."

"ఇగ ఏంది మరి?"

మెకానిక్ ఉండేది బస్ డిపో వెనకాలే. ఈయన రోజూ ఆ దారినే దుకాణానికి పోతాడు. బండి ఆపి ఒక్క మాట చెప్పడానికి ఏం అరిగిపోతుంది? పొద్దున చెప్పి పంపితే సాయంత్రం "యాదికి లేదు" అని వచ్చేవాడు. పోనీ నేనే పోతానంటే, "నేను సచ్చిన్నా?" అని మూతి ముడిచాడు. తను చేయడు, ఒకరిని చేయనివ్వడు.

మా అత్తది ఇంకో తీరు. బాలింతకు గాలి సోకకూడదు, అదే ఆమె పట్టు. నా కాన్పులప్పుడూ ఇంతే, చెవుల్లో దూది పెట్టి గదిలో ఉడకబెట్టింది. ఈసారి బాత్రూమ్ వెంటిలేటర్‌లో గోనెసంచి కుక్కి, తలుపు కింద సందులో పాత చీర దోపింది. నేను సంచి పీకేస్తే, నేను అటు తిరగ్గానే మళ్లీ కుక్కేది. మనవరాలికి తనే లోపల కూర్చుని నీళ్లు పోసేది.

స్నానం అయి వచ్చాక అమ్మాయి తల పట్టుకుని మంచం మీద వాలిపోయేది. కడుపులో తిప్పుతోందనేది. "రక్తం పోయింది గదా, బాలింతకు గంతే ఉంటది," అనేది అత్త. ఆమెకూ తలనొప్పే. దానికి దిష్టి అని పేరు పెట్టి అందరికీ ఉప్పూ మిరపకాయలూ తిప్పింది. తల ఆరడానికి అమ్మాయిని చెవులకు గుడ్డ చుట్టి అరుగు మీద ఎండలో కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చునేది. కాసేపటికి ఇద్దరికీ తగ్గేది. ఇద్దరికీ ఒక్కసారే నొప్పి ఎందుకొస్తోంది, బయటికి రాగానే ఎందుకు పోతోంది అని నేనడిగితే, "నువ్వొక డాక్టరమ్మవు వచ్చినవు," అంది. నా మాటకు ఆ ఇంట్లో పూచికపుల్ల విలువ లేదు.

ఒకరోజు అత్త నీళ్లు పోసి, సాంబ్రాణి పొగకు నిప్పులు తేవడానికి బయటికి వచ్చింది. వస్తూ వస్తూ తలుపు దగ్గరగా మూసింది. అమ్మాయి లోపల ఒళ్లు కడుక్కుంటోంది. నేను పాపను ఒళ్లో వేసుకుని ఉన్నాను. చెంబు పడ్డ చప్పుడైంది. పిలిస్తే పలకలేదు. పాపను మంచం మీద పడుకోబెట్టి తలుపు తోశాను. నా బిడ్డ గోడవారన పక్కకు ఒరిగిపోయి ఉంది. గీజర్ మండుతూనే ఉంది.

నల్లా కట్టేసి గీజర్ ఆర్పి, చంకల కింద చేతులు వేసి వాకిట్లోకి ఈడ్చుకొచ్చాను. అత్త పరుగున దుప్పటి తెచ్చి ముఖం మీదుగా కప్పబోయింది.

"గాలి సోకుతది, లోపటికి తీస్కపో, తలుపెయ్యి."

"గాలే సోకాలె. జరుగు అత్తా," అని దుప్పటి లాగి ఒంటికి మాత్రం చుట్టాను. ఆమె మీద నేను అంత గొంతు ఎన్నడూ ఎత్తలేదు. పక్కింటివాళ్ల ఆటో పిలిచి దవాఖానకు తీసుకుపోయాం.

డాక్టరు ఆక్సిజన్ పెట్టించి మొట్టమొదట అడిగింది, "నీళ్లు దేంతోని కాగబెడుతున్నరు?" అని. గాలి ఆడని గదిలో గ్యాస్ సరిగ్గా మండకపోతే వాసన కూడా లేని విషం పుడుతుందట. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేది కాదంది. దుకాణం నుంచి దవాఖానకు వచ్చిన మా ఆయన నేల చూపులు చూస్తూ, "ఇయ్యాల్నే మెకానిక్‌కు చెప్దామనుకున్న," అన్నాడు.

మెకానిక్ వచ్చాడు. మసితో మూసుకుపోయిన బర్నర్ శుభ్రం చేసి, గీజర్‌ను బయటి గోడకు మార్చి పైపు మాత్రం లోపలికి ఇచ్చాడు. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం భోజనాల వేళకు అయిపోయింది. ఇంత పనికి ఎన్ని రోజులు ప్రాణం తోడారు వీళ్లు.

అమ్మాయి ఇంటికొచ్చాక, పాపకు పాలిస్తుంటే పక్కన కూర్చున్నాను. అత్త గడపలో ఉంది. నాకు కోపం ఆగలేదు. "తల తిరుగుతుంటే తలుపు తీసుకొని బయటికి రావద్దా? అంత మొండితనం ఏంది?"

అమ్మాయి పాప తల మీద కొంగు సరిచేసింది.

"తియ్యబుద్ధయింది అమ్మా. తలుపు మీద చెయ్యి గూడ వేసిన. నాకు గాలి సోకితే పాపకు సర్ది అయితదని నాయనమ్మ చెప్పింది గదా. అందుకే మల్ల కూసున్న."