మొప్ప ఎత్తి చూసే అత్త

పులికాట్ ఒడ్డున మాతో ఉండే మా మేనత్త ఏ చేపనైనా మొప్ప ఎత్తి వాసన చూడందే కోసేది కాదు. పొలాలకు పురుగుమందులు కొత్తగా వచ్చిన రోజులవి. మందు కొట్టిన మళ్ళ నీళ్ళు కాలవలో కలిస్తే చేపలు చచ్చి తేలేవి, జనం గంపలకెత్తుకునేవారు.

ఒకనాడు నాన్న కూడా గంపెడు తెచ్చాడు. ఇంట్లో కూరకు మరేమీ లేదు.

"వలేసి పట్టినావా, ఏరుకొచ్చినావా?" అంది అత్త.

"ఊరంతా తింటా ఉండారక్కా."

కుక్కలు కూడా తవ్వలేనంత లోతు గుంట తీసి అత్త వాటిని పూడ్చేసింది. అందరికీ ఉప్పేసిన గంజి పోసి, గోడకు చేరగిలబడింది.

"దినమూ ఇట్నే వాసన చూసుకుంటా బతకాల్నా అబ్బయా?"

నాన్న అవే మళ్ళలో పండిన బియ్యంతో కాచిన గంజిని నోటిదాకా తెచ్చి, ఆగి, వాసన చూశాడు.