చావి ఇవ్వక్కర్లేని గడియారం

నాకు ఒక్కచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. ఎనిమిది గంటల బస్సంటే ఏడింటికే నారాయణఖేడ్ బస్టాండుకు చేరి, వచ్చిన ప్రతి బస్సు దగ్గరికీ ఉరికి "ఇదేనా?" అని అడిగే రకాన్ని. "కాలు గాలిన పిల్లి గూడ జెరసేపు కూసుంటదే" అని మా అత్త రోజుకొకసారైనా అనేది. అననీ, నాకేం పోయింది!

ఎనభైల్లో, మా పెళ్లయిన మూడో ఏడు, జొన్నలు అమ్మిన డబ్బుతో చెప్పులు కొనుక్కోమని మా ఆయన్ని బీదర్ పంపితే, వట్టి కాళ్లతోనే తిరిగొచ్చి నా చేతిలో గడియారం పెట్టాడు. ఆటోమేటిక్. పెద్ద కంపెనీదేం కాదు, మా బోటివాళ్లకు అందే చవక రకం. ముందు ఇల్లెగిరిపోయేలా అరిచాను.

"దీనికి చావి ఇచ్చుడు, కీ తిప్పుడు లేదు. చెయ్యి ఊగుతుంటే అదే నడుస్తది. నువ్వు గడియ నిలువవు గదా, నీకోసమే చేసిండ్రు" అని నవ్వాడు.

చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల ఏదో సన్నగా గిర్రున తిరిగేది. నేను రొట్టెలు కొడుతుంటే, ఊడుస్తుంటే, ఊరికే ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతుంటే అది నడిచేది. అందరూ తిట్టిపోసే నా పరేషానీ దానికి తిండి పెడుతోందని భలే సంబరపడ్డాను.

అప్పుడే సంగారెడ్డిలో టీచరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ కాగితం వచ్చింది. సోమవారం పొద్దున పదింటికి. ఆ ఏడు దాటితే నాకు వయసు మించిపోతుంది, ఇక అడిగినా ఇవ్వరు.

మంచి వస్తువును మంచిరోజు కోసం దాచిపెట్టడం మా ఇళ్లలో అలవాటు. గీత పడకూడదని, మసి అంటకూడదని శనివారం సాయంత్రమే గడియారం విప్పి, ఇస్త్రీ చీర మడతల్లో చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టాను. ఆదివారమంతా ముట్టుకోలేదు. ఆ సాయంత్రం మా ఆయన చేను కావలికి పోయాడు.

సోమవారం చీకటితోనే లేచి, స్నానం చేసి, చీర కట్టుకుని, గడియారం పెట్టుకున్నాను. టిక్కు టిక్కుమంటోంది. నాలుగుంపావు. సంగారెడ్డికి మొదటి బస్సు ఆరింటికి. ఇంకేం, బోలెడు టైముంది! జన్మలో మొదటిసారి నిమ్మళంగా కూర్చున్నాను. చాయ్ తాగాను. వాళ్లేం అడుగుతారో, నేనేం చెప్పాలో మనసులో నెమరేసుకున్నాను.

"ఇగ పోవే" అంది అత్త లోపలినుంచి.

"శానా టైమున్నది, పండుకో అత్తమ్మా" అన్నాను.

బయలుదేరదామని తలుపు తీసేసరికి బయటంతా తెల్లగా తెల్లారిపోయి ఉంది. గడియారం ఐదే చూపిస్తోంది. బస్టాండుకు ఉరికాను.

"ఆరింటి బస్సా? ఎప్పుడో పాయె" అన్నాడు చాయ్ హోటలాయన. నా చేతికేసి చూసి, "ఇది ఆటోమేటిక్ గదమ్మా? ఇడిసిపెడితే ఆగుతది. మళ్ల చేతికి పెట్టంగనే ఆగినకాడికెంచి నడుస్తది" అన్నాడు.

తర్వాతి బస్సు ఎనిమిదికి. సంగారెడ్డిలో దిగేసరికి పదకొండు దాటింది. గుమస్తా తలైనా ఎత్తలేదు. "మూడుసార్లు పిలిచినం. అయిపోయింది" అన్నాడు. ఎంత బతిమాలినా అదే మాట. ఆ ఆఫీసు మెట్లమీదే కూర్చుని, వచ్చేపోయేవాళ్లు చూస్తున్నా సిగ్గులేకుండా ఏడ్చాను. ఈ దిక్కుమాలిన గడియారాన్ని తెచ్చినాయన మొహానే కొడతానని తిరుగు బస్సు ఎక్కాను.

నారాయణఖేడ్‌లో దిగేసరికి మా ఆయన బస్టాండులోనే ఉన్నాడు. చేను నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, వట్టి కాళ్లకు మట్టి ఎండిపోయి ఉంది. నన్ను చూడగానే మొహం విప్పారింది.

"గడియారం టైముకు పట్టుకపోయిందా?"

నోటిదాకా వచ్చిన తిట్లన్నీ మింగేశాను. "ఆ, పట్టుకపోయింది. వాళ్లడిగినయి నేనే చెప్పలేకపోయిన" అన్నాను.

"ఏమడిగిండ్రు?"

ఇంటిదాకా లేని ప్రశ్నలు కల్పించి చెబుతూ నడిచాను. ఒక్కో ప్రశ్నకూ ఆయన ఆగి, "గది నీకు తెల్సు గదనే" అని బాధపడుతూనే ఉన్నాడు.