ఇత్తడి పొడి

ఉసూర్ అనే ఊరికి పోయే దారిలో మూడో గేరు వేసినప్పుడల్లా మేమెక్కిన పాత కిరాయి జీపు కర్రుమని అరిచేది. డ్రైవర్ చివరికి బండి ఆపేశాడు.

"దయ్యం పట్టింది సార్. గాడీ అమ్మేసి కూలికి పోత."

దయ్యాలు లేవని ఊరూరా సభల్లో చెప్పేవాణ్ణి కనుక, అతనితోనూ అరగంట వాదించాను. బీడీ కాలుస్తూ విన్నాడు.

తోటి ప్రయాణికుడొకాయన జీపు కిందికి దూరాడు. గేరుబాక్సు బోల్టు వదులుచేసి, అరచేతిలో కాస్త ఆయిల్ పట్టుకొచ్చాడు. వేలితో రుద్దితే అందులో పసుపుపచ్చని పొడి మెరిసింది.

"ఇగో తమ్మీ, నీ దయ్యం. లోపల ఇత్తడి రింగు అరిగింది."

డ్రైవర్ తానూ రుద్ది చూశాడు.

"అది మారిస్తే అరవదా అన్నా? ఎట్ల మారుస్తరు?"

ఆ ప్రయాణికుడంటే నాకు ఇప్పటికీ అసూయే. నా సభల్లో చప్పట్లు కొట్టినవాళ్లు చాలామంది. ఇలా 'ఎట్ల' అని రెండో ప్రశ్న అడిగినవాడు ఒక్కడూ లేడు.