రెండు వేళ్ల తడి

చండ్రుగొండ దాటాక అడవి అంచున మా చేను. ఆ ఏడు వాన మీద నమ్మకంతో పొడి దుక్కిలోనే పత్తి గింజలు పెట్టాం. మొదటి జల్లు పడ్డ సాయంత్రమే పుట్టల్లోంచి ఉసిళ్లు లేచాయి. వేయించుకు తిందామని నా భార్య చేట పట్టుకుని పరుగెత్తింది. నేను సాళ్లలో వేలు గుచ్చి చూస్తూ తిరిగాను. ఎక్కడ చూసినా రెండు వేళ్ల తడే. నాలుగు వేళ్ల తడి లేకపోతే మొలక నిలవదు.

"ఏందయ్యా, గట్ల మట్టిల ఏం దేవులాడుతున్నవ్? ఉసిళ్లు లేసినయ్, వాన వచ్చినట్టే గదా!" అంది.

"పుట్ట మీది మట్టి మెత్తబడితే ఉసిలి లేస్తదే. వేరు దిగాలంటే లోపల తడి ఉండాలె."

"మా తల్లిగారి వైరాల అయితే కాలువన్న ఉంటది. నిన్ను చేసుకున్నంక మొగులు చూసుడే అయింది నాకు."

ఆ రాత్రి కునుకు పట్టలేదు. మూడో రోజు పొద్దున ఒక గింజ తవ్వి చూశాను. ఉబ్బి, తెల్లటి వేరు తొంగిచూస్తోంది. ఆకాశంలో మబ్బు లేదు. చేనంతా తడపడం మా వల్ల కాదని లెక్క వేయకుండానే తెలిసింది. చేను మూలనున్న చిన్న బావి పక్క సాళ్లకు ఇద్దరం బిందెలు మోశాం. నీళ్లు పోస్తున్నంతసేపూ నా చూపు మిగిలిన సాళ్ల మీదికే పోయింది.