ఆముదం అరుగు

ఆ రోజుల్లో నర్సీపట్నంలో పుట్టి పెరిగిన మాకు చలి అంటే తెల్లవారుజామున ఒక దుప్పటి కప్పుకోవడం, పొద్దెక్కాక దాన్ని మడత పెట్టడం, అంతే. అంతకు మించిన చలి ఒకటుందని నాకు పెళ్లయ్యేదాకా ఎవరూ చెప్పలేదు. చెప్పినా నమ్మేదాన్ని కాదు. పదిహేడేళ్ల వయసులో నాకు తెలియనిది లేదని నా నమ్మకం. (ఇప్పుడు డెబ్బై దాటాక, తెలిసిందేమైనా ఉందా అని వెతుక్కుంటున్నాను.) పంతొమ్మిది వందల ఇరవైల చివర్లో మా ఆయనకు అడవి శాఖలో గుమాస్తా పని దొరికి, ఊరికి పైనున్న కొండల మీద ఒక చిన్న మకాంలో వేశారు. నర్సీపట్నం నుంచి ఎడ్లబండిలో ఒక పగలంతా, మర్నాడు మధ్యాహ్నం దాకా ప్రయాణం. కాపురానికి వెళ్తూ నేను అద్దం పెట్టుకున్నాను, పూసల పెట్టె పెట్టుకున్నాను, గవ్వలు కూడా పెట్టుకున్నాను గాని కంబళి మాత్రం పెట్టుకోలేదు.

ఆ ఇంటి సంగతి ఏం చెప్పను! వానాకాలంలో ఉప్పు నీరైపోయేది, నీరు మాత్రం ఎక్కడికీ పోయేది కాదు. అగ్గిపెట్టెను బియ్యం కుండలో దాచుకుని, గీయబోయే ముందు చంకలో పెట్టుకుని వెచ్చబెట్టేదాన్ని. ఉతికిన చీర నాలుగో రోజున కూడా ఇప్పుడే ఉతికినట్టు ఉండేది. ఇంటి ముందు మట్టి అరుగు ఒకటి ఉండేది గాని, దాని మీద కూర్చుని లేస్తే అరుగు కొంత మనతో పాటు లేచి వచ్చేది. వానలు తగ్గాక మంచు మొదలు. ఆ పొగమంచులో పెరట్లో ఉన్న మా ఆయనను గొంతును బట్టి గుర్తుపట్టాలి. అయినా నాకు ఆ ఇల్లు ఎంత ఇష్టమో! పొద్దున్నే లేస్తే పని చెప్పేవాళ్లు లేరు, తప్పు పట్టేవాళ్లు లేరు. మా ఆయన, నేను, మధ్యలో ఆ మంచు.

ఆ సంబరం మరుసటి ఏడు శ్రావణమాసం దాకానే. శ్రావణంలో మా అత్తగారు మమ్మల్ని చూడటానికి కొండెక్కి వచ్చారు. బండి దిగిన మొదటి అడుగే పిక్క దాకా బురదలో దిగింది. కాలు పైకి లాక్కుని, దండెం మీద వేలాడుతున్న తడిబట్టలను ఒక్కొక్కటే పిండి చూసి, కొడుకు వైపు తిరిగారు.

"ఏట్రా నాయనా ఇది? ఇల్లా, సెరువా?"

మా ఆయన నేల చూపులు చూశారు. (నేల కనిపించడం లేదు, అది వేరే సంగతి.) రెండు రోజులుండి వెళ్లిపోతూ అత్తగారు తీర్పు చెప్పారు. "మార్గశిరంలో మళ్లీ వస్తాను. అప్పటికి ఈ ఇంటి ముందు నాను కూకోడానికి ఇంత పొడిసోటుండాల. నేదంటే కోడల్ని బండెక్కించీసి తీసుకుపోతాను. పిల్లకి రొమ్ముపడిశం పట్టీసిందంటే రేపు వాళ్లమ్మకి నానేటి సెప్పుకుంటాను?" తరవాత నా చేతిలో ఒక పెద్ద జాడీ పెట్టారు. నిండా ఆముదం, ఇంట్లో వండించినది. "వారానికోసారి ఇంత తాగు. తలకీ రాసుకో. ఒంట్లో వేడుంటాది" అన్నారు. నేను బుద్ధిగా తలూపి, బండి మలుపు తిరగగానే ఆ జాడీని తలుపు వెనక పెట్టి, దాని మీద చేట బోర్లించాను.

ఆ రోజంతా మా ఇద్దరికీ అన్నం సయించలేదు. నన్ను తీసుకుపోతే ఆయన ఒక్కరే ఆ మంచులో చేయి కాల్చుకోవాలి. నేనేమో నర్సీపట్నంలో పదిమంది మధ్య కూర్చుని పప్పులో రాళ్లేరాలి. అప్పుడు మా ఆయనకు ఆలోచన తట్టింది. నేలకు తగలకుండా, గుంజల మీద నిలబెట్టి, చెక్కలతో అరుగు వేస్తే? కింద గాలి ఆడుతుంది, పైన పొడిగా ఉంటుంది. కాగితం మీద కొలతలతో సహా బొమ్మ గీశారు. పొడుగు పది అడుగులు, వెడల్పు ఆరు. ఆయనకు కొలత అంటే ప్రాణం. పది అంటే పదే, ఒక వేలు అటూ ఇటూ ఒప్పుకునేవారు కారు.

నర్సీపట్నంలో మాకు తెలిసిన వడ్రంగి ఒకాయన ఉండేవాడు. చేతిలోంచి చిత్రిక దింపగా ఎవరూ చూడలేదు కనక ఊరంతా చిత్రిక తాత అనేవారు. అతని పాకలో ఎండకాలమంతా ఎండిన ఎర్రచెక్క ఉంది. మంచి వాసన, చెద పట్టదు. మా ఆయన దాన్ని కొండ దేవదారు అనేవారు. తాత మాత్రం "ఎర్రకర్ర బాబూ" అని ఊరుకునేవాడు. మేమిద్దరం కొండ దిగి వెళ్లి బొమ్మ చూపించగానే తాత అడిగిన మొదటి మాట, "మంచె కదమ్మా ఇది! ఇంటి ముంగట మంచేటి, పిట్టల్ని తోలతారేటి?" అని. మంచె కాదు తాతా, అరుగు అని నేను, వరండా అని మా ఆయన. చివరికి పేరు తేలకుండానే చెక్కలన్నీ పాకలోనే చిత్రిక పట్టి, బండికెత్తి, తాత కూడా మాతో పాటు కొండెక్కాడు.

భాద్రపదంలో అరుగు పూర్తయింది. చెక్కకూ చెక్కకూ మధ్య వెంట్రుక పట్టదు. తాత దాని మీద చెయ్యి నిమురుతూ "సీమ దూరమను సూద్దాం!" అన్నాడు. చీమ దూరలేదు. వాన దూరింది. మూడు వారాల పాటు పగలూ రాత్రీ ముసురు పట్టింది. నర్సీపట్నం ఎండలో ఎండిన చెక్క ఆ తడంతా తాగి ఉబ్బింది. ఉబ్బడానికి పక్కన సందు లేదు. ఇక మిగిలింది పై దారే. ఒక మధ్యాహ్నం మేం అన్నం తింటుంటే ఢామ్మని చప్పుడైంది. బయటికి పరిగెత్తి చూస్తే అరుగు నడుమ పూరీలా పొంగి ఉంది. చూస్తుండగానే రెండో మేకు ఎగిరింది. మా ఆయన కొలబద్ద తెచ్చి పొంగు ఎంతుందో కొలిచి రాసుకున్నారు. (ఆ కాగితం ఎందుకో ఎన్నేళ్లు అడిగినా చెప్పలేదు.)

కబురందుకుని తాత వచ్చి, అరుగు చుట్టూ మూడుసార్లు తిరిగి, నేలమీద కూలబడ్డాడు. "నా సేత్తో పెట్టిన కర్ర ఇలగ లెగిసిపోనాదేటమ్మా!" అని కళ్లు తుడుచుకున్నాడు. చెక్కల మధ్య సందులు వదిలి మళ్లీ వేద్దామని నేనంటే అతనికి రోషం వచ్చింది. "సందులొగ్గీసిన పని నాను సేసినానంటే మాకవరపాలెం దాకా నవ్వుతారమ్మా. నా సేత కాదు." నేను ఒక చెంబు నీళ్లు తెచ్చి, బిగువుగా ఉన్న రెండు చెక్కల మీద పోశాను. నీళ్లు అక్కడే నిలిచి మా ముగ్గురి మొహాలూ చూపించాయి. విడిగా ఉన్న రెండు చెక్కల మధ్య చిటికెన వేలంత సందు పెట్టి, ఇంకో చెంబు పోశాను. గుటుక్కున కిందికి దిగిపోయాయి. తాత చాలాసేపు ఆ సందులోంచి కిందికి చూశాడు. తరవాత చిత్రిక అందుకుని, "సిన్నమ్మగోరూ, మీరు నా పాకలో పుట్టి ఉండాల్సింది" అన్నాడు. ఆ రోజు నేను నేలమీద నడవలేదు.

సందులతో అరుగు బాగా కుదిరింది. గుంజల కింద రాళ్లు పెట్టాం, నీరు జారడానికి ముందుకు కాస్త వాలు ఇచ్చాం. కార్తీకం వచ్చేసరికి పచ్చగా పాచి పడితే బూడిదా కొబ్బరిపీచూ పెట్టి తోమాను. తాత వెళ్లేటప్పుడు మరీ మరీ చెప్పాడు, "సలి ముదిరేలోగా నూనె పట్టించాల. కాసిన అవిసినూనె. ఎండున్న రోజున పల్సగా రెండుసార్లు రాసి, గుడ్డెట్టి తుడిసీయాల. మీ అత్తగోరి బండిమీద నానే తెస్తాను. బేగిపడకండి."

తొందరపడవద్దని చెప్పినవాళ్ల మాట నేను ఎన్నడు విన్నాను కనక? మార్గశిరం వచ్చింది. అత్తగారు ఎల్లుండి వస్తారని కబురు. చూస్తే అరుగు మంచుకు తడిసి, మబ్బు మొహం వేసుకుని ఉంది. తళతళ మెరిసే అరుగు చూసి అత్తగారు బండి దిగకముందే నన్ను మెచ్చుకోవాలని నా ఆశ. నూనె ఎక్కడ? తలుపు వెనక, చేట కింద ఉంది కదా! నూనె నూనే కదా అనుకున్నాను. రెండుసార్లు పల్చగా రాస్తే మంచిదైతే, ఆరుసార్లు దట్టంగా రాస్తే ఇంకెంత మంచిదో అని కూడా అనుకున్నాను. మా ఆయన కచేరీ నుంచి వచ్చేసరికి జాడీ ఖాళీ, అరుగు అద్దం.

ఆముదం ఆరదని నాకు ఎవరూ చెప్పలేదు. మర్నాటికి ఆరలేదు. ఆ మర్నాటికీ ఆరలేదు సరికదా, మంచు మీద పడి ఇంకా నిగనిగలాడింది. మా ఆయన పొద్దున్నే కాఫీ గ్లాసుతో దాని మీద కాలు పెట్టి, గ్లాసు ఒలకకుండా ఈ చివర నుంచి ఆ చివరకు నిలబడే వెళ్లిపోయారు. కాలు కదపలేదు. అవతల చివర పైకి లేచి ఉన్న గుంజ పట్టుకుని ఆగి, ఎంతో మర్యాదగా "ఏం రాశావు?" అని అడిగారు. నేను నవ్వు ఆపుకోలేక తలుపుకు ఆనుకుని కూలబడ్డాను. నవ్వుతూనే ఏడుపు కూడా వచ్చింది. ఇసక చల్లుదాం, పీచుతో రుద్దుదాం అని మేం తర్జనభర్జన పడుతుండగానే ఎడ్ల గంటలు వినిపించాయి.

మంచులోంచి ముందు అత్తగారి గొంతు వచ్చింది, తరవాత అత్తగారు వచ్చారు. రెండు చేతులా ఆవకాయ జాడీ. వెనక తాత, భుజాన నూనె డబ్బా. "అత్తయ్యా, ఆగండి!" అని నేను అరిచేలోగానే ఆవిడ అరుగెక్కేశారు. మొదటి అడుగు బాగానే పడింది. రెండో అడుగు ఆవిడ వేయలేదు, అదే వెళ్లింది. ఆవకాయ జాడీని తలమీదికి ఎత్తి పట్టుకుని, చక్కా కూర్చుని, అరుగు ఈ కొస నుంచి ఆ కొసకు జారిపోయారు. "అమ్మా!" అని మా ఆయన ఉరికారు. ఆయనా అదే దారిన వెళ్లి ఆవిడ పక్కనే కూర్చున్నారు. పట్టుకోబోయి నేను. మా వెనకే తాత, "అవిసినూనె తెచ్చీసినానమ్మా!" అంటూ వచ్చి, మాకు కాస్త ఎడంగా ఆగాడు. నలుగురం వరసగా, బంతిలో విస్తళ్ల ముందు కూర్చున్నట్టు కూర్చున్నాం. ఆవకాయ చుక్క ఒలకలేదు.

అత్తగారు జాడీ పక్కన పెట్టి, అరచెయ్యి చూసుకుని, ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"ఏటే ఇది? నానంపిన ఆముదం కాదేటి?"

"ఔనత్తయ్యా."

"నిన్ను తాగమన్నానా, అరుగుకి తాగించమన్నానా?"

ఇక బండెక్కడమే అనుకున్నాను. అత్తగారు పక్కకు వంగి, చెక్కల సందులో వేలు పెట్టి, చెక్క అడుగున తడిమారు. తడి తగల్లేదు. అప్పుడే మంచు కాస్త విడి, ఎండ మా ఒళ్లో పడింది. "పొడిగానే ఉన్నాదిరా" అని కొడుకుతో అన్నారు. లేవబోయి మళ్లీ జర్రున జారి అక్కడే చతికిలబడ్డారు. అప్పుడు వచ్చింది ఆవిడకు నవ్వు! కడుపు పట్టుకుని, తాత భుజాన ఉన్న తువ్వాలు అడిగి తీసుకుని కళ్లు తుడుచుకుంటూ, "ఓలమ్మో, మీ మామగోరు సూడాల్సింది!" అని మళ్లీ నవ్వారు. ఆవిడ పళ్లన్నీ నేను చూడటం అదే మొదటిసారి.

తరవాత మూడు రోజులు కుంకుడుకాయ రసంతో నలుగురం అరుగు రుద్దాం. ఎండ చూసుకుని తాత అవిసెనూనె పట్టించాడు. పల్చగా, రెండేసార్లు. మూడు రోజులుండి పోదామని వచ్చిన అత్తగారు పదహారు రోజులుండి, ఆ అరుగు మీదే కూర్చుని కూరలు తరిగి, ఒక్కరే బండెక్కారు. ఎక్కుతూ, "కోడల్నెందుకు తీసుకుపోవడం, నానే ఏటేటా వస్తాను" అన్నారు. వచ్చారు కూడా. ఏటేటా నేను అరుగు తోమాను, నూనె పట్టించాను; పుచ్చిన చెక్క తీసి కొత్తది వేయించాను. ఆ కొండ మీద తొమ్మిదేళ్లున్నాం.

ఆ జారుడు ప్రయాణం కథ అత్తగారు నర్సీపట్నంలో ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేవారు. ఆవిడ నోట అరుగు ముందు పన్నెండు అడుగులైంది, తరవాత ఇరవై. పక్కనే ఉన్న మా ఆయన ప్రతిసారీ దగ్గి, "పదే అమ్మా, పది అడుగులు" అని సరిచేసేవారు. ఇద్దరూ వెళ్లిపోయి చాలా ఏళ్లైంది. మొన్న మనవరాలు అడిగితే ఆ కథ నేను చెప్పాను. నాకు తెలియకుండానే ముప్పై అడుగులన్నాను. అని, అలవాటు కొద్దీ దగ్గు కోసం ఒక్క క్షణం ఆగాను. ఎవరూ దగ్గలేదు. సరే, ముప్పైయే కానిమ్మని నవ్వుకుని, మిగతా కథ చెప్పేశాను.