మాట మోసిన సుక్రు

తెలుగు రావడమే సుక్రు పాలిట గండమైంది. వయసులో ఉండగా బొర్రా దగ్గర రైలు పట్టాల పనికి వెళ్లి నేర్చుకున్న తెలుగు అది. అప్పట్నుంచి జి.మాడుగుల చుట్టుపక్కల సంతల్లో ఏ పెద్దమనిషి మాట్లాడినా కువి భాషలోకి మార్చి చెప్పేది సుక్రే. అందులో అతనిదో పద్ధతి. డాక్టరు "నేను సూది వేస్తాను" అంటే, సుక్రు కూడా గుండెమీద చెయ్యేసుకుని "నేను సూది వేస్తాను" అనేవాడు. సంతంతా నవ్వేది. మాట మోసేవాడు మధ్యలో దూరకూడదని అతని నమ్మకం.

తొంభై తొమ్మిదిలో ఎన్నికలొచ్చాయి. ఓటు జోలికి పోవద్దని అడవిలో అన్నలు చెట్లకి కాగితాలు అంటించారు. అయినా పల్లంనుంచి దుర్గాప్రసాద్ అనే నాయకుడు జీపులో వచ్చి, సంతలో బల్లెక్కాడు. పక్కన సుక్రు నిలబడాలి. రానని ఎలా అంటాడు, ఊరిపెద్ద పిలిచాడాయె! బయల్దేరేముందు పెళ్లాం రత్న ఒకటే అంది: "నోరు ఆళ్లకి అరువిచ్చినా మెడకాయ నీదే. సూసుకో."

నాయకుడు గడుసువాడు. వచ్చీ రాగానే "మన కొండలు, మన కాఫీ" అనేశాడు. కాఫీ గింజ చెట్టుకి కాస్తుందో, దుంపలా నేలలో ఊరుతుందో తెలియని మనిషి! కష్టాలన్నీ "వాళ్ల" వల్ల వచ్చాయట, సుఖాలన్నీ "మనకి" రాబోతున్నాయట. జనం తలలూపారు. ఆ ఊపులో నాయకుడు సుక్రు భుజాన చెయ్యేసి, "తుపాకులోళ్లకి నేను భయపడను, దమ్ముంటే నా ముందుకి రమ్మనండి" అన్నాడు. అలవాటు కొద్దీ సుక్రు నోరు అదే మాట కువిలో అనేసింది, గుండెమీద చెయ్యితో సహా. అన్నాక చూశాడు. ఉప్పు కొట్టు పక్కన ఇద్దరు కొత్త మనుషులు నిలబడి వింటున్నారు.

"మనం" అన్నాయన పొద్దు వాలకముందే జీపెక్కి కొండ దిగిపోయాడు. సుక్రు మిగిలాడు. వారం రోజులు గంజి గొంతు దిగలేదు. ఆకు కదిలినా ఉలిక్కిపడ్డాడు.

తర్వాతి సంతలో ఆ ఇద్దరూ ఎదురొచ్చారు.

"నీ ముందుకి రమ్మన్నావు. వచ్చాం. ఏటి సేత్తావు?"

"నా మాట కాదు బాబూ, ఆయన మాట."

"మేం విన్నది నీ నోటే."

చింతపండు అమ్ముకుంటున్న ముసలి అసిరమ్మ తలెత్తింది. "ఈడి మాట లెక్కేటి నాయనా? సూదేత్తానన్నాడు, ఒక్కరికీ ఎయ్యలేదు. రోడ్డేత్తానన్నాడు, గులకరాయి పడలేదు. నానే కలెక్టర్నని కూడా అన్నాడు ఓపాలి."

చుట్టూ ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. ఆ ఇద్దరిలో పెద్దవాడు వేలు చూపించాడు. "ఇంకోపాలి నేనూ గీనూ అంటే ఊరుకోం" అన్నాడు. వెళ్లిపోయారు.

ప్రాణం దక్కింది గానీ భయం దిగలేదు. ఆ రోజునుంచి సుక్రు ప్రతి మాటకీ ముందు "ఆయనంటాడు" అని తగిలించాడు. చివరికి ఇంట్లో కూడా "నేను" అనడం మానేశాడు.

తొమ్మిదేళ్లకి, పోడు భూములకి పట్టాలిస్తామని అదే సంతకి ఒక ఆఫీసరు వచ్చాడు. సుక్రు అందరి మాటా మోశాడు. ఆఖర్న తన అరెకరం కాఫీ తోట వంతొచ్చింది.

"సుక్రు అంటాడు బాబూ, ఆ తోట సుక్రుదంట."

ఆఫీసరు కాగితాల్లోంచి తలెత్తలేదు. "ఆ సుక్రు ఏడీ? రాలేదా? అయితే ఆ పేరు కొట్టెయ్యండి."

సుక్రు ఉప్పు కొట్టు వైపు చూశాడు. అక్కడెవరూ లేరు. అయినా నోరు తెరుచుకోలేదు.

వెనకనుంచి రత్న అతని మెడ పట్టుకుని ముందుకి తోసింది. "ఈడే బాబూ సుక్రు. నోరు ఎవరిదో గానీ, మెడకాయ ఈడిదే. రాసుకోండి."